కేకకొకటి

సలహాల బావ ఆ మాటల డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టకపోయి ఉంటే ఇవాళ అమ్మ ఆసుపత్రిలో ఈ ఇనప మంచం మీద ఉండేది కాదు. తాళాలాయన పొద్దుట్నుంచీ ఈ ఒక్క మాటే నములుతున్నాడు. మింగుడు పడటం లేదు.

ఎవరడిగారు? నీళ్ళ మిషన్లు అమ్ముకునే మనిషికి నలుగురి ఇళ్ళల్లో పెత్తనం ఎందుకు? అక్కను చేసుకున్న నాటినుంచీ అంతే. సలహా ఇవ్వడానికి ఆయనకి గుమ్మం కూడా అక్కర్లేదు, కిటికీలోంచి ఇచ్చి పోతాడు. "మీ అమ్మకి మతిమరుపు వచ్చిందోయ్ బావమరిదీ. మనిషి గుర్తు చేస్తే విసుక్కుంటాడు. ఇది విసుక్కోదు" అన్నాడు. పొద్దున ఏడింటికి మాత్ర వేసుకోమంటుంది, మధ్యాహ్నం తినమంటుంది, ఆ తర్వాత స్టవ్వు ఆపావా అని అడుగుతుంది. అమ్మ "అయిందమ్మా" అనేదాకా పదేసి నిమిషాలకోసారి, అయిదుసార్లు పిలుస్తుంది. దానికి అమ్మ మేనేజరమ్మ అని పేరు పెట్టుకుంది.

బావను తిట్టుకున్నప్పుడల్లా తాళాలాయన చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదకి పోతోంది. జేబులో మినపగింజంత మైనం ఉండ ఉంది.

తాళంచెవి అచ్చు తీసే మైనం అది. నిన్న సాయంత్రం డబ్బా నెత్తిమీద ఉన్న రెండు సూది బెజ్జాల్లోకి తనే బొటనవేలితో కూరాడు. అవి దాని చెవులని, అవే లేకపోతే అది చెవిటిదని, బిగించిన రోజున బావే గొప్పగా చూపించాడు.

ఎందుకు కూరాడంటే, మొన్న బావ నవ్వుతూ "నన్ను చిల్లుకుండ అన్నావటగా" అన్నాడు. ఆ మాట తాళాలాయన తన వంటింట్లో, తన పెళ్ళాంతో అన్నాడు. గోడకి చెవులుంటాయని విన్నాడు గానీ గట్టుకి కూడా మొలుస్తాయని అతనికి తెలియదు.

దాని చెవులు మూశాడు. నోరు మూయలేదు.

పొద్దున తొమ్మిదింటికి వంటింట్లో అమ్మ చెమటతో తడిసి, గోడకి జారగిలబడి కనిపించింది. పిలిస్తే పలకలేదు. పక్కింటాయన ఆటో కోసం పరిగెత్తాడు. ఆ రెండు నిమిషాల్లో తాళాలాయన ముందుగా చేసిన పని అమ్మ తల ఒళ్ళోకి తీసుకోవడం కాదు. పిన్నీసు తీసి, డబ్బా చెవుల్లో మైనం గీకి, ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు.



* * *

"పెద్దావిడ పొద్దున ఎన్ని మాత్రలు వేసుకున్నారు?" డాక్టరమ్మ అడిగింది. చిన్నవయసు మనిషి. రాత్రి డ్యూటీ దిగకుండానే పగటి డ్యూటీ ఎక్కినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఒకటేనండి. షుగరుది. రోజూ ఒకటే."

"మీరు చూశారా?"

ఆ టైముకి తాళాలాయన ముందుగదిలో, ఆకురాయి చక్రం మీద తాళంచెవి అరగదీస్తున్నాడు. ఆ మోతలో పిడుగు పడినా వినపడదు. అతని భార్య ఆరున్నరకే యూనిఫారాలు కుట్టే కంపెనీకి వెళ్ళిపోయింది.

"చూశానండి" అన్నాడు.

నోట్లోంచి జారాక చూస్తే అది అబద్ధమే. వెనక్కి తీసుకుందామంటే జేబులో ఉండ గుర్తొచ్చింది.

"అయితే తినకుండా వేసుకుని ఉంటారు. వచ్చినప్పుడు షుగరు ముప్పై ఆరే ఉంది, గ్లూకోజు ఎక్కాక నూట పన్నెండుకి వచ్చింది. ఒంటిగంటకి ఇంకోసారి చూసి ఇంటికి పంపించేస్తాం. భయం లేదు."

భయం లేదు అన్న మాటకి తాళాలాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. డాక్టరమ్మ అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. దణ్ణం గాలికి తగిలింది.

అమ్మ కళ్ళు సగం తెరిచింది. ఒంట్లో రక్తం లేనట్టు పాలిపోయి ఉంది. నర్సమ్మ చెంచాతో పంచదార నీళ్ళు పట్టబోయింది.

"పెద్దమ్మా, నోరు తెరువు."

అమ్మ తెరిచేలోపలే, "పెద్దమ్మా, తెరవాలి మరి" అంది నర్సమ్మ.

అమ్మ తాగింది. మళ్ళీ నోరు తెరిచి ఇంకో చెంచాకి ఎదురు చూసింది. అదీ తాగింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఏదో కనపడని వస్తువు పట్టుకుని బోర్లా తిప్పినట్టు తిప్పింది. ఒకసారి. రెండోసారి.

"రెండు" అంది.

"ఏంటి పెద్దమ్మా, నా దగ్గర లెక్కలా?" నర్సమ్మ నవ్వింది.

"రెండుసార్లు పిలిచావుగా. రెండు."

నర్సమ్మ నవ్వుతూనే వెళ్ళిపోయింది. తాళాలాయన మాత్రం స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"అమ్మా, పొద్దున మేనేజరమ్మ ఎన్నిసార్లు పిలిచింది?"

"మాత్ర వేసుకోమంది."

"అదే, ఎన్నిసార్లు?"

"వేసుకున్నా, అయిందమ్మా అని చెప్పా. వినిపించుకోలేదు మహాతల్లి. ఇవాళ దానికి చెవుడొచ్చినట్టుంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ వేసుకున్నా."

"ఒకసారి వేసుకున్నాక మళ్ళీ ఎందుకమ్మా? అదే మాత్ర కదా?"

అమ్మ అతని వంక జాలిగా చూసింది. పనిలో కొత్తగా చేరినవాణ్ణి చూసే చూపు.

"కేకకొకటిరా. రెండో కేకేస్తే రెండో ప్లేటు. ఇందాకటిదేనా, ఇంకోటా అని అడిగితే మేనేజరు తిడతాడు. బయట షిఫ్టు దిగిన జనం బారు కట్టి ఉంటే అడిగే తీరికెక్కడిది? కేక వినపడిందా, చెయ్యి, పంపు. అంతే."

"ఎన్ని వేసుకున్నావమ్మా? ఎన్ని కేకలు?"

అమ్మ కళ్ళు మూసుకుంది.

ఫ్యాక్టరీ క్యాంటీను వంటింట్లో ఇరవయ్యేడేళ్ళు నిలబడిన మనిషి ఆమె. భోజనాల హాల్లోంచి కిటికీ గుండా కేకలు వస్తుంటే చీటీ లేదు, పుస్తకం లేదు. కేక వచ్చినప్పుడల్లా గట్టు మీద ఒక చెంచా బోర్లించేది. షిఫ్టు దిగాక మేనేజరు వచ్చి చెంచాలు లెక్కపెట్టుకునేవాడు. ఆ ఇరవయ్యేడేళ్ళలో ఒక్క ప్లేటు తేడా రాలేదని ఆమె గర్వం. చుట్టాల పేర్లు మరిచిపోయింది, వీధి మరిచిపోయింది, మొగుడు పోయిన సంగతి కూడా ఒక్కోరోజు మరిచిపోతుంది. కేకకొకటి అన్న లెక్క మాత్రం చేతుల్లో ఉండిపోయింది.

తాళాలాయన వరండాలోకి పరిగెత్తి భార్యకి ఫోన్ చేశాడు.

* * *

ఆమె కంపెనీలో చెప్పి అప్పుడే ఇంటికి వచ్చింది, అత్తగారి బట్టలు సర్దుకుని ఆసుపత్రికి బయల్దేరడానికి.

"ఎలా ఉంది అత్తయ్యకి?"

"వంటింట్లోకి వెళ్ళు. గట్టు మీద చూడు."

"ఏముంటుంది? మీ మేనేజరమ్మ కూర్చుని ఉంది దర్జాగా."

"చెంచాలు చూడు."

"మనిషి ఆసుపత్రిలో ఉంటే చెంచాల గొడవేంటండీ?"

"బోర్లించి ఉన్నాయా లేదా, అది చెప్పు!"

అవతల కొళాయి బొట్టు పడే చప్పుడు వచ్చింది.

"ఉన్నాయి" అందామె. "నేను పొద్దున అన్నీ కడిగి బుట్టలో వేసి వెళ్ళాను. ఇప్పుడు గట్టు మీద వరసగా బోర్లా పెట్టి ఉన్నాయి. ఒకటి, రెండు... అయిదు."

"సరిగ్గా లెక్కపెట్టు."

"అయిదేనండీ. అయిదు లెక్కపెట్టడం రాదా నాకు?"

"మాత్రల షీటు ఉందా?"

"లేదు. ఖాళీ అయితే చెత్తలో వేసి ఉంటుంది. చెత్తబండి వచ్చి వెళ్ళిపోయింది." డబ్బా జరిపిన చప్పుడైంది. "ఏవండీ."

"ఊఁ."

"ఈ డబ్బా నెత్తిమీద బెజ్జంలో ఏదో అంటుకుని ఉంది. గోటితో గీకితే వస్తోంది." ముక్కుతో వాసన పీల్చింది. "ఇది మీ మైనం."

తాళాలాయన గోడకి ఆనుకున్నాడు. ఎదురుగా బెంచీ మీద ఒక ముసలాయన అరటిపండు ఒలుచుకుంటున్నాడు, లోకంలో ఇంకే పనీ లేనట్టు.

"అది మన మాటలు మోస్తోందని..." అన్నాడు.

"నాకు చెప్పకండి."

"నువ్వు వచ్చాక..."

"నాకు కాదండీ. వెళ్ళి ఆ డాక్టరుకి చెప్పండి." ఫోన్ పెట్టేసింది.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె అతని మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం ఇదే మొదలు.

* * *

వరండా చివర డాక్టరమ్మ బల్ల ఉంది. పట్టుమని పదిహేను అడుగుల దూరం కూడా లేదు. తాళాలాయన అక్కడే ఆగిపోయాడు.

ఎందుకంటే బల్ల దగ్గర డాక్టరమ్మ ఒక్కతే లేదు. ఒక పక్క అక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఇంకో పక్క సలహాల బావ, చంకలో తోలుసంచీ పెట్టుకుని, డాక్టరుకే వైద్యం నేర్పుతున్నాడు.

నాన్న పోయిన నెలలో రాసుకున్న కాగితం తాళాలాయన కళ్ళముందు ఆడింది. నలుగురు పెద్దమనుషులు, నాలుగు సంతకాలు. ఇల్లు అమ్మది. వీధివైపు ముందుగది, అంటే తాళాల కొట్టు, అమ్మను ఎవరు చూసుకుంటే వాళ్ళది. చూసుకోవడంలో లోపం జరిగితే అమ్మా ముందుగదీ రెండో వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఆ లోపం అన్న మాట బావ పట్టుబట్టి రాయించాడు. తాళాలాయన అయిదో క్లాసుతో పలక పగలగొట్టిన మనిషి. పెద్దమనుషులు చదివి వినిపిస్తే తల ఊపాడు. అమ్మను తను చూసుకోకపోవడమేమిటి అనుకున్నాడు.

బావ వెళ్ళేదాకా ఆగుదామా? ఒక్క పది నిమిషాలు. కాఫీకి వెళ్ళకపోతాడా?

"...ఇంక ఒంటిగంట దాకా ఎందుకు, బానే ఉన్నారు కాబట్టి ఇప్పుడే పంపించేస్తాను" అంటోంది డాక్టరమ్మ, కలం తీస్తూ. "ఆ మంచం కోసం ఇంకో మనిషి ఎదురు చూస్తున్నాడు."

కలం కాగితం మీద ఆనింది.

"అయిదండీ!" అని అరిచాడు తాళాలాయన.

వరండాలో అందరూ తిరిగి చూశారు. అరటిపండు ముసలాయన కూడా.

"ఏంటి అయిదు?"

"మాత్రలు. మా అమ్మ అయిదు మాత్రలు వేసుకుంది. ఒకటి కాదు. నేను చూశానన్నది అబద్ధమండీ. నేను చూడలేదు."

డాక్టరమ్మ ముఖంలో నిద్ర ఎగిరిపోయింది. కలం వదిలేసి లోపలికి కేకేసింది. నర్సమ్మలు ఇద్దరు మంచం వైపు పరిగెత్తారు. సీసా మార్చండి, గంటగంటకీ సూది పొడిచి చూడండి, పై అంతస్తులో మంచం సిద్ధం చేయమనండి. మాటలు తుపాకీ గుళ్ళలా పోయాయి.

"ఇంటికి తీసుకెళ్ళి ఉంటే మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతున్నారని మీరు తలుపు దగ్గరగా వేసేవాళ్ళు" అంది డాక్టరమ్మ తిరిగి వచ్చి. "ఈ మాత్ర ఒక్కసారి కొట్టి పోయేది కాదు. లోపల దాక్కుంటుంది. గ్లూకోజు ఆపగానే మళ్ళీ కిందికి లాగుతుంది. రేపు పొద్దుటిదాకా నేను మాట ఇవ్వలేను. అయిదెలా వేసుకున్నారు?"

తాళాలాయన జేబులోంచి ఉండ తీసి బల్ల మీద పెట్టాడు. మైనం చెప్పాడు. చెవులు చెప్పాడు. కేకలు, చెంచాలు చెప్పాడు. చెబుతున్నంతసేపూ బావ వైపు చూడలేదు.

"చివరిది ఎన్నింటికి వేసుకున్నారు? దాన్నిబట్టే ఎంతసేపు కాపలా కాయాలో తెలుస్తుంది. ఆ డబ్బా పిలిచిన టైములు ఎక్కడైనా ఉంటాయా?"

"మా ఆయన ఫోన్లో పడతాయండి" అంది అక్క.

"నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది" అన్నాడు బావ వెంటనే. "దారిలోనే చచ్చింది."

"ఎక్కడైనా పెట్టి చూసి చెప్పండి, తొందరగా" అని డాక్టరమ్మ లోపలికి వెళ్ళింది.

* * *

ముగ్గురూ మిగిలారు. బల్ల మీద మైనం ఉండ ఉంది.

"నేను లక్షణంగా పనిచేసే వస్తువు తెచ్చి పెట్టా" అన్నాడు బావ. గొంతు తగ్గించాడు, అది అరుపు కంటే ఘోరంగా ఉంది. "దాని చెవుల్లో మైనం పోశావు. అమ్మ ప్రాణం పోయుంటే?"

"నా ఇంట్లో మాట నీకెలా తెలిసింది బావా? చిల్లుకుండ అన్న మాట?"

"ఒరేయ్ పిచ్చి సన్నాసీ" అంది అక్క ఏడుపు మధ్యలో. "అమ్మే చెప్పిందిరా నాకు, ఫోన్లో. పడీ పడీ నవ్వుతూ చెప్పింది. మేనేజరమ్మ ఎందుకు చెబుతుంది?"

తాళాలాయన బల్ల మీది మైనం ఉండ వంక చూశాడు.

అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో ఒక మాట గుర్తు పెట్టుకుని, కూతురికి చెప్పి నవ్వుకుంది. ఆ నవ్వుకి తను మైనం పెట్టాడు.

"కాగితం మీద ఏం రాసుకున్నాం?" అన్నాడు బావ. "లోపం జరిగితే?"

"ఇప్పుడా ఆ మాట?" అంది అక్క. "లోపల అమ్మ..."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? మళ్ళీ ఈయన ఇంటికే పంపిస్తావా? రేపు స్టవ్వు గొట్టానికి మైనం పెడతాడు." చెయ్యి చాపాడు. "ముందుగది తాళంచెవి."

తాళాలాయన ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడానికి ఒంట్లో ఏమీ మిగలలేదు. మొలతాడుకి కట్టుకున్న గుత్తి విప్పాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళంచెవులు చేసిన చేతులకి తన కొట్టు తాళంచెవి గుత్తిలోంచి ఊడదీయడానికి చాలాసేపు పట్టింది. ఇరవయ్యేళ్ళ కిందట తనే ఇత్తడి ముక్క అరగదీసి చేసుకున్నది.

"రేపు పొద్దుటికల్లా అమ్మ కళ్ళు తెరిస్తే చాలు" అన్నాడు. "పట్టుకుపో బావా."

బావ పిడికిలి మూసుకుంది.

అప్పుడు బావ జేబులో ఫోన్ మోగింది.

ఎవరో నీళ్ళ మిషను కోసం చేసి ఉంటారు. చచ్చిన ఫోన్ దర్జాగా పాట పాడింది. బావ జేబు మీద చెయ్యి వేసేలోపలే అక్క వేసింది. నలభయ్యేళ్ళు దాటిన మొగుడి జేబు ఆమెకి కొత్త కాదు.

"ఛార్జింగ్ లేదన్నారుగా?"

"ఇలా ఇవ్వు. నేను చూసి చెబుతా."

"టైములేగా? నేనూ చూడగలను."

అక్క తెర మీద వేలు జరిపింది. జరుపుతూ పైకి చదివింది, డాక్టరమ్మకి చెప్పడానికి కంఠతా పెడుతున్నట్టు. "ఏడు. ఏడూ పది. ఏడూ ఇరవై. ఏడూ ముప్పై. ఏడూ నలభై. అదిగో, చివరిది ఏడూ నలభై..."

ఆగిపోయింది.

ఆమె ముఖంలో ఏడుపు కూడా ఆగిపోయింది. ఫోను మొగుడికి ఇవ్వలేదు. తమ్ముడి ముందు పెట్టింది.

తాళాలాయన గబగబా చదవలేడు. అక్షరం మీద అక్షరం పేర్చుకుంటూ చదివాడు. ప్రతి టైము కిందా ఒకే వరస ఉంది. 'జవాబు రాలేదు. దయచేసి ఇంటికి ఫోన్ చేయండి.' ఆ వరస పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో మాట, దాని టైము ఉన్నాయి. మొదటిదాని పక్కన ఉంది. రెండోదాని పక్కన ఉంది. అయిదింటి పక్కనా ఉంది.

'చూశారు.'

అక్క మొగుడి వైపు తిరిగింది. "ఏడూ ఒకటికి చూశారు. ఏడూ పదకొండుకి చూశారు. కాఫీ కావాలని నాకు కేకేశారు, అప్పుడే కదూ? ఫోన్ చేతిలోనే ఉంది. ఎందుకు చేయలేదు?"

బావ ఫోన్ అందుకోబోయాడు. అక్క దాన్ని వెనక్కి లాక్కుంది.

"మర్చిపోయారా?" అంది అక్క. "లోపం కోసం ఎదురు చూశారా?"

లోపల్నుంచి నర్సమ్మ కేకేసింది. "పెద్దమ్మ తాలూకు ఎవరండీ? షుగరు మళ్ళీ పడిపోయింది, నలభై నాలుగు! రండి తొందరగా!"

ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. అక్క మొగుడి కళ్ళలోకే చూస్తోంది. బావ నేల చూస్తున్నాడు.

నర్సమ్మ రెండో కేకేసింది.

తాళాలాయన పరిగెత్తాడు. పరిగెత్తుతూ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. తాళంచెవి ఉన్న పిడికిలిని బావ మెల్లగా ప్యాంటు జేబులోకి దించుకుంటున్నాడు. ముందుగది పదకొండు అడుగుల వెడల్పు, పందొమ్మిది అడుగుల పొడవు. ఇరవై మూడు గజాలు, పైన రెండు చదరపు అడుగులు.